పాసైతే చాలు

మన దగ్గర పర్యావరణ విద్య విఫలమైందని వాపోయేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఇంత గొప్పగా ఫలించిన సబ్జెక్టు మన సిలబస్ మొత్తంలో మరొకటి లేదు. లెక్కలు చెప్పాం, సగం మందికి రాలేదు. ఇంగ్లీషు చెప్పాం, ఎంత వచ్చిందో ఇంటర్వ్యూల్లో తెలుస్తూనే ఉంది. చెట్టుతో, చెరువుతో ఎలా మసలుకోవాలో మాత్రం బడి నేర్పినదాన్ని పిల్లలు పొల్లుపోకుండా నేర్చుకున్నారు, పెద్దయ్యాక పొల్లుపోకుండా ఆచరిస్తున్నారు. పుస్తకంలో ఏం అచ్చేశారన్నది వేరే సంగతి. దాన్ని పట్టించుకోకూడదన్నదే మొదటి పాఠం.

ఇంటర్ సంగతి చూడండి. మొదటి సంవత్సరం పిల్లలకు మన బోర్డులు ఏళ్ల తరబడి రెండు ప్రత్యేకమైన పేపర్లు పెడుతూ వచ్చాయి. ఒకటి నైతికత, మానవ విలువలు. రెండోది పర్యావరణ విద్య. రెండూ పాసై తీరాలి. రెండింటి మార్కులూ మొత్తంలో కలవవు. పదహారేళ్ల కుర్రాడికి జీవితం గురించి ఇంతకంటే సూటిగా ఏ పీఠాధిపతీ ఉపదేశించలేడు. నాయనా, ఫిజిక్సూ కెమిస్ట్రీ లెక్కలోకి వస్తాయి. నీతీ ప్రకృతీ లెక్కలోకి రావు. కాకపోతే వాటిలో తప్పినట్టు కాగితం మీద కనపడకూడదు, అంతే. పరీక్ష ముందు రాత్రి హాస్టల్లో గైడు తెరిపించి, ముఖ్యమైన ప్రశ్నలకు టిక్కు పెట్టించి, ఓజోన్ పొరను ఓ అరగంటలోనూ జీవవైవిధ్యాన్ని ఇంకో అరగంటలోనూ తేల్చేస్తారు. మర్నాటి నుంచి మళ్లీ ఎంట్రెన్సు. ఆ కుర్రాడే ఇంజనీరై, ఓ ఫ్యాక్టరీలో చేరి, కాలుష్య నియంత్రణ మండలికి నివేదిక పంపే రోజు వస్తుంది. అప్పుడు ఏ సూత్రం గుర్తొస్తుందో చెప్పాలా? పాసైతే చాలు.

పునాది ఇంకా కిందే పడుతుంది, మూడో తరగతిలో, పరిసరాల విజ్ఞానం దగ్గర. పరిసరాలంటే ఏమిటో చెప్పే బడికి పరిసరాలు ఉండవు. మూడంతస్తుల అద్దె భవనం, కింద సెల్లార్లో బస్సులు, పైన రేకుల కింద ప్రేయరు. గేటు దగ్గర ఒక వేపచెట్టు ఉండేది. ఆకులు రాలి చెత్తవుతోందని, బస్సు తిరగడానికి అడ్డమని దాన్ని కొట్టించారు. తర్వాత అదే గోడ మీద పెయింటర్ని పిలిపించి, కళ్లూ ముక్కూ నోరూ పెట్టి, కన్నీళ్లు కారుస్తున్న చెట్టు బొమ్మ వేయించారు. పిల్లలు రెండూ చూశారు. ఏది పాఠమో ఏది అలంకారమో వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక ప్రాజెక్టు వర్కు. 'అడవి నమూనా తయారు చేయుము' అని డైరీలో రాసి పంపుతారు. రాత్రి తొమ్మిదింటికి ఆ సంగతి బయటపడుతుంది. నాన్న బండి తీసి స్టేషనరీ షాపుకు పరిగెడతాడు. అడవి కావాలండీ అంటే షాపతను ఆశ్చర్యపోడు, ఏ క్లాసుకి అని అడుగుతాడు. ఐదో తరగతి అడవికి పులి వస్తుంది, మూడో తరగతి అడవికి జింకతో సరిపెట్టుకోవాలి. థర్మకోల్ షీటు మీద ప్లాస్టిక్ చెట్లు, ఆకుపచ్చ రంగేసిన రంపపు పొట్టు, దూది మేఘాలు, నీలం రంగు కాగితం నది. అమ్మ అర్ధరాత్రి దాకా కూర్చుని జిగురుతో అడవిని పెంచుతుంది. పైన థర్మకోల్ అక్షరాలతో 'ప్లాస్టిక్‌ను తరిమికొడదాం' అని శీర్షిక. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను కేంద్రం 2022 జులై 1 నుంచి నిషేధించినప్పుడు, ఆ జాబితాలో అలంకరణ థర్మకోల్ కూడా ఉంది. ప్లాస్టిక్ మీద యుద్ధానికి నిషిద్ధ ప్లాస్టిక్కే ఆయుధమైంది. ఎగ్జిబిషన్ మర్నాడు అడవులన్నీ కలిపి బడి వెనక తగలబెడతారు. దీన్ని కూడా పాఠం కిందే జమకట్టాలి. అడవి కాలుతుంటే పక్కన నిలబడి చూడటం అలవాటు కావాలి కదా.

ఈ మొత్తం వ్యవహారం అమాయకంగానే మొదలైంది. ఎం.సి. మెహతా అనే న్యాయవాది వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న తీర్పిచ్చింది. పర్యావరణాన్ని బడుల్లోనూ కాలేజీల్లోనూ తప్పనిసరి సబ్జెక్టు చేయండి, సినిమా హాళ్లలో పర్యావరణం మీద స్లైడ్లు వేయండి, రేడియోలో టీవీలో కార్యక్రమాలు ఇవ్వండి అని ఆదేశించింది. తెలిస్తే మారతారన్నది కోర్టువారి నమ్మకం. స్లైడ్లు పడే సమయానికి జనం క్యాంటీన్ దగ్గర ఉన్నారు. సబ్జెక్టు పెట్టాల్సినవాళ్లు ఎక్కడున్నారో గానీ, అదే కోర్టు పదేళ్లు దాటాక మళ్లీ గద్దిస్తేనే పని కదిలింది.

యూజీసీ 2004 నుంచి డిగ్రీ పిల్లలందరికీ ఆరు నెలల పర్యావరణ కోర్సు పెట్టింది. నిజానికి ఆ సిలబస్ రాసినవాళ్లను తప్పుపట్టలేం. 50 క్లాసుల్లో 5 బయట జరగాలన్నారు. నదికో అడవికో కొండకో పోయి చూడాలి, దగ్గర్లోని ఒక కలుషిత ప్రాంతానికి వెళ్లాలి, చుట్టుపక్కల మొక్కల్ని, పురుగుల్ని, పిట్టల్ని గమనించాలి. దీనికి నూటికి 25 మార్కులు. హైదరాబాద్ కాలేజీలకు ఇంతకంటే సులువైన పని ఉంటుందా? కలుషిత ప్రాంతాన్ని వెతుక్కోనక్కర్లేదు, మూసీ వాసనే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. అయినా పిల్లలు మూసీకి వెళ్లలేదు, జిరాక్స్ షాపుకు వెళ్లారు. అక్కడ క్షేత్ర పర్యటన స్పైరల్ బైండింగ్‌తో సహా తయారుగా దొరుకుతుంది. నది పేరు దగ్గర ఖాళీ ఉంటుంది. గుంటూరు వాళ్లు కృష్ణ అని నింపుకుంటారు, రాజమండ్రి వాళ్లు గోదావరి అని. తొందరలో ఒక్కోసారి ఢిల్లీ నుంచి డౌన్‌లోడ్ అయిన యమున అలాగే ఉండిపోతుంది. మాస్టారు దానికీ 22 వేస్తారు. ఆయన్ని మాత్రం ఏమనగలం? ఆయన అసలు కామర్సు మాస్టారు. ఖాళీగా దొరికాడని ఈ సబ్జెక్టు అంటగట్టారు.

అంటే లెక్క ప్రకారం, 2004 తర్వాత ఈ దేశంలో పట్టా పుచ్చుకున్నవాళ్లలో నూటికి తొంభై పాళ్లు పర్యావరణం పాసైనవాళ్లే ఉండాలి. చెరువు శిఖంలో లేఅవుట్ గీసిన ప్లానరు, దానికి సంతకం పెట్టిన అధికారి, అందులో ఫ్లాటు కొన్న సాఫ్ట్‌వేరు దంపతులు, అందరూ. చిత్తడి నేలల ప్రాముఖ్యం గురించి ఐదు మార్కుల ప్రశ్నకు జవాబు రాసినవాళ్లే. లేక్ వ్యూ కావాలన్న మోజులో లేకులోనే కట్టేసుకుని, వానొచ్చినప్పుడు లేకు ఇంట్లోకి వస్తే మున్సిపాలిటీ ఏం చేస్తోందని ట్వీటు పెట్టేదీ వాళ్లే. అప్పట్లో 'పచ్చదనం - పరిశుభ్రత' మీద వ్యాసరచనలో ఫస్టు ప్రైజు కొట్టిన అమ్మాయి ఏమైందని అడుగుతున్నారా? ఆ వెంచరు బ్రోషరు రాసింది ఆమే. ప్రకృతి ఒడిలో, పక్షుల కిలకిలారావాల మధ్య అని ఎంత చక్కగా రాసిందో. చదువు వృథా పోలేదు.

కొల్లేరు దాకా వెళ్దాం, అక్కడ ఈ చదువు మహా సొగసుగా ఉంటుంది. 1999లో అభయారణ్యం అన్నారు. 2002లో రాంసార్ జాబితాకెక్కి అంతర్జాతీయ చిత్తడి నేల అయింది. 2006లో మందుపాతర్లు పెట్టి చేపల చెరువుల గట్లు పేల్చారు. తర్వాత గట్లు మెల్లగా మళ్లీ లేచాయి. కైకలూరు ప్రాంతంలో ఒక పిల్లవాణ్ణి ఊహించుకోండి. బళ్లో 'కొల్లేరు ఆక్రమణల వల్ల కలిగే నష్టాలు' అనే ప్రశ్నకు ఆరు పాయింట్లు గడగడా ఒప్పజెబుతాడు. ఆటపాకలో వాలే గూడబాతుల బొమ్మ వేసి రంగులు కూడా దిద్దుతాడు. ఇంటికొచ్చి నాన్నతో పాటు సరస్సు లోపలి చెరువులో చేపలకు మేత వేస్తాడు. ఆ నాన్న దుర్మార్గుడేం కాడు, ఆ చెరువు మీదే ఈ పిల్లవాడి ఫీజు కట్టాలి. బళ్లో ఎవరూ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, మరి మన ఇంటి సంగతేమిటి, చేపా బతకాలి కొంగా బతకాలి అంటే ఏం చేద్దాం అని అడగరు. అడిగితే ఊళ్లో గొడవ. పైగా సిలబస్‌లో లేదు. కాబట్టి ఆ పిల్లవాడు పదేళ్లకే గొప్ప విద్య నేర్చుకున్నాడు, రాసేదొకటి చేసేదొకటి, రెంటికీ మధ్య గట్టు తెగకుండా చూసుకోవాలి. ఆ గట్టును ఏ మందుపాతరా పేల్చలేదు.

జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినోత్సవం వచ్చిందంటే ఇదంతా ఊరేగింపుగా వీధిలోకి వస్తుంది. ఎండలు ఇంకా దిగవు. ముందు వరసలో ఫ్లెక్సీ, దాని మీద నాయకుడి బొమ్మ భూగోళం కంటే పెద్దది. వెనక పిల్లలు, చేతుల్లో ప్లకార్డులు. చివర్లో మజ్జిగ ప్యాకెట్లు, వాటర్ ప్యాకెట్లు, అవి పడేసిన దారి. ఐక్యరాజ్య సమితి వాళ్లు ప్లాస్టిక్ కాలుష్యాన్నే నినాదంగా 2018లో ఒకసారి, 2023లో ఇంకోసారి, 2025లో మరోసారి ఎత్తుకున్నారు. 2018లో ఆతిథ్యం ఇచ్చిందే మనం. ఎనిమిదేళ్లలో ఒకే సబ్జెక్టు మూడుసార్లు రాస్తే మన భాషలో దాన్ని సప్లిమెంటరీ అంటారు. ర్యాలీ అయ్యాక మొక్క. జానెడు మొక్కకు పదకొండు మంది చేతులు తగిలించి ఫొటో దిగుతారు. ఆ మొక్క అదృష్టవంతురాలైతే ఫొటో తర్వాత కాసేపు నీళ్లు దొరుకుతాయి. గుంట మాత్రం చిరంజీవి, వచ్చే ఏడు మళ్లీ పనికొస్తుంది.

పిల్లలకు నేర్పినదాన్ని ప్రభుత్వాలు పెద్ద ఎత్తున చేస్తే ఎలా ఉంటుందో కూడా చూశాం. తెలంగాణలో 2015 జులైలో చిలుకూరు దగ్గర హరితహారం మొదలైంది. 230 కోట్ల మొక్కలు లక్ష్యం, పచ్చదనం 24 శాతం నుంచి 33 శాతానికి. ఉద్దేశాన్ని వెక్కిరించను, నీడ పెరిగిన ఊళ్లు ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ లక్ష్యం అంకె అయినప్పుడు మొక్క కూడా అంకెకు తగ్గట్టే దొరుకుతుంది. త్వరగా పెరగాలి, ఏపుగా ఆకుపచ్చగా కనపడాలి, పశువులు ముట్టకూడదు, తనిఖీకొచ్చిన అధికారి కారు దిగకుండానే చూసి తలూపాలి. ఇన్ని అర్హతలూ కోనోకార్పస్‌కు ఉన్నాయి. ఎక్కడో పరాయి తీరాల చెట్టు మన డివైడర్ల మీద వరసకట్టింది. చింత, కానుగ, నేరేడు, రావి ఇంటర్వ్యూలోనే పోయాయి, మరీ నెమ్మదస్తులని. తర్వాత ఆరోగ్యానికి మంచిది కాదన్న గొడవ రేగి, 2023లో గుజరాత్ దాన్ని నాటడమే నిషేధించింది. మన దగ్గరా చాలాచోట్ల గొడ్డళ్లు పట్టుకుని బయల్దేరారు. పచ్చరంగు వేస్తే పది మార్కులు అని చిన్నప్పుడు డ్రాయింగు క్లాసులో నేర్చుకున్నవాళ్లు రాష్ట్రానికి రంగు వేస్తే ఇలాగే ఉంటుంది.

మధ్యలో ఒక మాట. వినాయక చవితికి ఇరవై ఒక్క రకాల పత్రితో పూజ చేయాలన్న ఆచారం ఉంది. మాచీపత్రం, గరిక, ఉమ్మెత్త, రేగు, జమ్మి, గన్నేరు. దేవుడి సంగతి నాకు తెలీదు గానీ, ఒకప్పుడు పిల్లలు చవితి ముందురోజు చేలగట్లూ పొదలూ తిరిగి ఒక్కొక్క ఆకూ పోల్చుకుని, వాసన చూసి, ముళ్లు గుచ్చుకుని తెచ్చేవాళ్లు. పేపరు లేదు, ప్రాజెక్టు లేదు, ఇరవై ఒక్క చెట్లు వచ్చేవి. ఇప్పుడు పత్రి కట్టగట్టి అమ్ముతారు. ఆ కట్టలో ఏముందో అమ్మేవాడికీ తెలీదు, కొనేవాడికీ తెలీదు, విఘ్నేశ్వరుడు మొహమాటస్తుడు కాబట్టి నోరు విప్పడు.

ఇంత పకడ్బందీగా నేర్పినా అప్పుడప్పుడు కొందరు ఫెయిలవుతారు. 2025 ఉగాది సెలవుల్లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి జేసీబీలు వచ్చాయి. సెంట్రల్ యూనివర్సిటీ పక్కనే. ఐటీ కోసం ఆ నేలను వేలం వేయాలన్నది ప్రభుత్వం ఆలోచన. అక్కడి విద్యార్థులు బుద్ధిగా గదుల్లో కూర్చుని అడవుల నరికివేత మీద సెమినార్ పేపరు రాసుకోవాల్సింది పోయి, యంత్రాలకు ఎదురెళ్లారు. పోలీసులు ఈడ్చుకెళ్లారు, కేసులు పెట్టారు. నెమళ్లు అరుస్తున్నాయి, జింకలు పారిపోతున్నాయి అని బయటికొచ్చిన వీడియోల్లో కృత్రిమ మేధ సృష్టించినవి ఉన్నాయని ప్రభుత్వం కోప్పడింది. అలాంటివి కొన్ని ఉన్న మాట నిజమే. కానీ ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు హైకోర్టు రిజిస్ట్రారును స్థలానికి పంపితే, ఆయనకు దాదాపు వంద ఎకరాల్లో నేలకూలిన చెట్లూ, నెమళ్లూ జింకలూ కూడా అసలువే కనపడ్డాయి. పనులు ఆపమని కోర్టు ఆదేశించింది. ఆ పిల్లల్లో చాలామంది ఇంటర్లో పర్యావరణం గైడు చదివే పాసయ్యుంటారు. తేడా ఎక్కడొచ్చిందంటే, వాళ్లు ఆ పొదల మధ్య నడిచారు, ఆ రాళ్ల మీద కూర్చున్నారు, ఆ నెమళ్ల అరుపులకు నిద్ర లేచారు. సిలబస్ బయట ఎవరో వాళ్లకు ట్యూషన్ చెప్పారు.

ఆ స్టే వచ్చిన తొమ్మిదో రోజున ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన రామయ్య కన్నుమూశారు. వనజీవి రామయ్య అంటే అందరికీ తెలుస్తుంది. మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' అని బోర్డు తగిలించుకుని, జేబుల నిండా విత్తనాలు పోసుకుని, రోడ్ల పక్కన కాలవ గట్ల మీద చల్లుకుంటూ జీవితం గడిపిన మనిషి. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. బిరుదు ఇచ్చారు గానీ, ఏ కాలేజీలోనైనా పర్యావరణం చెప్పే ఉద్యోగానికి ఆయన దరఖాస్తు పెట్టుకుంటే ఏమయ్యేది? పీజీ ఉందా, నెట్ ఉందా, పబ్లికేషన్లు ఎన్ని అని అడిగి, లేవంటే మర్యాదగా టీ ఇప్పించి పంపేవాళ్లు. తర్వాత ఆ పోస్టులో చేరినవారు ఆయన మీద పీపీటీ తయారుచేసేవారు.

ఇదేదో మన ఒక్కరి జబ్బని అనుకోవద్దు. తెలిస్తే మారతారన్న నమ్మకం నిలవదని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. తెలియడానికీ చేయడానికీ మధ్య ఉన్న అగాధం మీద కోల్‌మస్, అగ్యేమన్ 2002లో రాసిన వ్యాసాన్ని ఈ రంగంలో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఉటంకిస్తారు. లూయీస్ చావ్లా అనే ఆవిడ అమెరికాలోని కెంటకీలోనూ, నార్వేలోనూ ప్రకృతి కోసం పనిచేస్తున్నవాళ్లను కూర్చోబెట్టి, మీరిలా ఎలా తయారయ్యారని అడిగారు. ఎక్కువగా వినపడిన జవాబులు రెండు. చిన్నప్పుడు బయట గడిపిన కాలం ఒకటి, ఇంట్లోని పెద్దవాళ్లు రెండు. పరీక్షలో ఫస్టొచ్చాం కాబట్టి అన్న జవాబు ఆ జాబితాలో కనపడదు. అంతకు చాలా ముందే, 1977లో, జార్జియాలోని టిబిలిసీలో యునెస్కో పిలిస్తే చాలా దేశాలు కూర్చుని పర్యావరణ విద్యకు ఐదు మెట్లు రాసుకున్నాయి. ఎరుక, జ్ఞానం, దృక్పథం, నైపుణ్యం, పాల్గొనడం. మనం రెండో మెట్టు మీద గైడు పరిచి పడుకున్నాం. ఎవరైనా పొరపాటున ఐదో మెట్టు ఎక్కితే కింద పోలీసు వ్యాను ఉంటుంది.

చేసి చూపించిన బడి మన నేల మీదే ఉంది. మదనపల్లె దగ్గర, జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన రిషి వ్యాలీ. చుట్టూ కరువు కొండలు. ఏళ్ల తరబడి చెట్లు నాటుతూ, కాపు కాస్తూ ఆ లోయను పచ్చగా చేసుకున్నారు. సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఆ 1991లోనే వాళ్లు తమ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్నారు. ఒకచోట పిట్టల పేర్లు పిట్టల్ని చూసి నేర్చుకుంటుంటే, మిగతా దేశంలో పిట్టల పేర్లు పుస్తకంలో చూసి పరీక్షలో మర్చిపోవడానికి ఆదేశాలు తయారవుతున్నాయి. అక్కడి ఫీజు మనకెక్కడ అందుతుందని అంటారు. నిజమే. కానీ ఊరి బడి పిల్లలు ఊరి చెరువు కట్ట ఎక్కడానికి ఫీజు ఎవరు అడిగారు? ఎక్కనివ్వరు. పడిపోతే ఎవరిది బాధ్యత అంటారు. పైగా ఆ చెరువులో ఎవరెవరు ఎంతెంత కలుపుకున్నారో పిల్లలు నిజంగానే లెక్కగట్టేస్తే కొంపలంటుకుంటాయి.

మాస్టార్లూ, టీచరమ్మలూ, మీతోనే చివరి మాట. సిలబస్ మార్చడం మీ చేతుల్లో లేదు, జీవోలు ఆపడం అసలే లేదు. ఒక్క పని మాత్రం మీ చేతుల్లో ఉంది. వచ్చే జూన్ 5న కొత్త మొక్క నాటొద్దు. పిల్లల్ని తీసుకెళ్లి, పోయిన ఏడాది నాటినవాటిలో ఎన్ని బతికాయో వాళ్లచేతే లెక్కపెట్టించండి. నాటినవి ఇన్ని, ఉన్నవి ఇన్ని అని నోటీసు బోర్డు మీద సుద్దముక్కతో రాయించండి. అతిథిగా వచ్చిన పెద్దమనిషి దాన్ని చెరిపేయమంటే చెరపకండి. దానికి మాత్రం దయచేసి మార్కులు వేయకండి.